కర్ర కూర్చునే బెంచీ

నిఘంటువు కార్యాలయం,
మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల

వదినా,

నేను బాగానే ఉన్నాను. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని మూతి తిప్పకు. ఫోన్‌లో అయితే నువ్వు ఊ కొడుతూ పక్కన ఇంకేదో పని చేసుకుంటావు. మధ్యలో అన్నయ్య లాక్కుని "తిన్నావా, పడుకున్నావా" అని రెండు ముక్కలడిగి పెట్టేస్తాడు. ఉత్తరమైతే చచ్చినట్టు కూర్చుని చివరిదాకా చదువుతావు.

అసలు సంగతి చెప్తాను. మా ఆఫీసు బడిపిల్లల కోసం కొత్త ఇంగ్లీషు–తెలుగు డిక్షనరీ వేస్తోంది కదా, అందులో అక్కడక్కడ చిన్న పెట్టె కట్టి, ఒక్కో మాట ఎక్కడ పుట్టింది, దాని అమ్మానాన్నలెవరు, చుట్టపక్కాలెవరు అన్నది రాయాలట. ఆ పని నాకిచ్చారు! రెండు మాటలు కలిసి ఒక్కటైనవన్నీ నా వాటా. నీకు తెలుసా, కిటికీని విండో అంటారు చూడు, అది ఉత్తర యూరపువాళ్ళ పాత నార్సు భాషలో 'గాలి కన్ను'. ఆ సంగతి తెలిసిన రోజు నేను మా ఆఫీసు కిటికీ ముందు నిలబడి పిచ్చిదానిలా నవ్వుకున్నాను. అటెండరు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు పాపం.

ఇప్పుడు 'బెంచ్‌మార్క్' దగ్గర బండి ఆగిపోయింది. ఈ రోజుల్లో దేన్నైనా పోల్చి చూసుకోవడానికి పెట్టుకునే ప్రమాణం అని వాడుతున్నారు కానీ, అసలు అది మీ సర్వేవాళ్ళ సొత్తు. దాని పుట్టుక గురించి మా పాత డిక్షనరీలో ఏముందంటే, వడ్రంగి తన పనిబల్ల మీద గీసుకున్న కొలత గీతే బెంచ్‌మార్క్ అని. మా పెద్దాయన, అదే మా సంపాదకుడు, అదే ఉంచమంటాడు. ఇంకో మూడు డిక్షనరీల్లో కూడా అలాగే ఉందట. నాకు మాత్రం మింగుడుపడటం లేదు. దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట ఈ మాట మొదట కనబడింది వడ్రంగుల రాతల్లో కాదు, నేల ఎత్తుపల్లాలు కొలిచేవాళ్ళ రాతల్లో. వడ్రంగి మాట అయితే వడ్రంగి నోట్లో ముందు ఉండొద్దూ?

నువ్వు రోజూ ఎండలో మిషన్ పెట్టుకుని కొలిచేదానివి. చెప్పు వదినా, మీ బెంచ్‌మార్క్‌లో బెంచీ ఎక్కడుంది? ఎవరు కూర్చుంటారు దాని మీద? పేజీలు అచ్చుకి వెళ్ళేలోపు తేల్చాలి, లేకపోతే పిల్లలందరూ నా చేతి మీదుగా వడ్రంగి కథ బట్టీ పడతారు.

నీ మాటల మూట

—

దిగువ వీధి,
సైకిల్ షాపు మేడ మీద

ఆడపడుచు మహారాణికి,

నీకు గాలికి కూడా కళ్ళు కనిపిస్తున్నాయి. నాకు కళ్ళ ముందు చీకట్లు కమ్ముతున్నాయి. నీ ఉత్తరం చదివి ముందు ఒళ్ళు మండింది, తర్వాత నీకేం తెలుసులే అని ఊరుకున్నాను. నీకు చెప్పొద్దని మీ అన్నయ్య ఆజ్ఞ. ఆజ్ఞ సంగతి నేను చూసుకుంటాను, చదువు.

మన వీధి పోతోంది.

ఊరికి దిగువన ఏటికి అడ్డంగా ఆనకట్ట కట్టారు కదా. గేట్లు దించి నీళ్ళు నింపితే, నీరు వెనక్కి తన్ని మన వీధిలోకి వస్తుందట. ఇళ్ళన్నీ ఖాళీ చేయాలని గోడలకి నోటీసులు అంటించారు. అలల కోసమని వదిలే ఎడంతో సహా లెక్కేస్తే వీధి జానెడు తక్కువ ఎత్తులో ఉందట. జానెడు! ప్రతి గుమ్మం పక్కనా ఎర్రరంగుతో ఓ గీత గీసి వెళ్ళారు, నీళ్ళు ఇంతదాకా వస్తాయని. టీ కొట్టు పిన్ని ఆ గీతకి చెయ్యి ఆనించి "ఇక్కడిదాకానా?" అని ముగ్గుర్ని అడిగింది. చివరికి నన్నడిగింది.

నువ్వు అనొచ్చు, నీళ్ళ ఆఫీసులో సర్వేయర్ ఉద్యోగం వెలగబెడుతున్నావు, నువ్వే కొలవొచ్చు కదా అని. మా ఆఫీసరు మొదటి రోజే నన్ను తప్పించాడు. "మీ ఇల్లు ఆ వీధిలోనే ఉందమ్మా, మీరు కొలిస్తే నలుగురూ నాలుగు మాటలంటారు" అన్నాడు. న్యాయమే. బయటి కంపెనీకి ఇచ్చారు. వాళ్ళ ఇంజినీరు ఎప్పుడూ మిషన్‌కి గొడుగు పట్టించి, తను మాత్రం ఎండలో నిలబడతాడు. వీధిలో అందరూ గొడుగు ఇంజినీరు అంటారు. అతన్ని తిడదామంటే తిట్టడానికి వీల్లేని మనిషి. పాత సుంకం గేటు దగ్గర రాతి స్తంభం ఉంది కదా, ఎత్తు ఎంతో మా ఆఫీసులో రాసి ఉన్నది, దాని నుంచి మొదలుపెట్టి, వీధంతా కొలిచి, మళ్ళీ ఆ స్తంభానికే వచ్చి లెక్క సరిపోయిందో లేదో చూసుకున్నాడు. సరిపోయింది. నేను కూడా అడిగి తెచ్చుకుని కూడికలూ తీసివేతలూ అన్నీ చూశాను. ఎక్కడా తప్పు లేదు. తప్పుంటే బాగుండేది.

మీ అన్నయ్య నోరు మెదపడు. పొద్దున్నే షాపు తెరుస్తాడు, రిమ్ము తిప్పుతూ కూర్చుంటాడు, మూస్తాడు. గాలి మిషన్ నేలకి బిగించిన బోల్టులు మొన్న విప్పేశాడు. నేను చూసి చూడనట్టు పైకొచ్చేశాను.

ఇక నీ బెంచీ. మా దగ్గర బెంచీ లేదు, గించీ లేదు. వంతెన పక్కన సిమెంటు దిమ్మలో ఓ ఇత్తడి బొడిపె ఉంటుంది. దాని ఎత్తు ఎంతో ఆఫీసులో రాసి ఉంటుంది. దాని నెత్తిన అంకెలు వేసిన కొలకర్ర నిలబెట్టి, మిషన్‌లోంచి అంకె చదివి, అక్కడి నుంచి ఊళ్ళో ఏది ఎంత ఎత్తులో ఉందో లెక్కేసుకుంటూ పోతాం. అంతే. కూర్చునే యోగం మాకెక్కడిది?

వదిన

—

నిఘంటువు కార్యాలయం,
పాత పుస్తకాల గది

వదినా,

నాకు చెప్పొద్దన్నాడా అన్నయ్య? వాడికి నేనింకా గౌను వేసుకున్న పిల్లనే. ఆ షాపు ముందు నూనె మరకల మీద జారి పడే కదా నా ముందు పన్ను విరిగింది. ఇప్పుడు ఆ మరకల మీదుగా నీళ్ళు వస్తాయా? సెలవు పెట్టి వచ్చేయనా? వచ్చి చేసేదేమీ లేకపోయినా నీ పక్కన నిలబడి నోరు పారేసుకుంటాను, ఆ పని నాకు బాగా వచ్చు.

నువ్వు రమ్మనేదాకా చేతులు ఊరుకోవు కాబట్టి నా పని నేను చేస్తున్నాను. కోప్పడకుండా విను. నాకు ఇంకేం రాయాలో తెలియక ఇది రాస్తున్నాను.

బెంచీ దొరికింది వదినా!

ముందు దాని వంశం. బెంచ్ అంటే పాత ఇంగ్లీషులో పొడుగాటి ఆసనం. దాని చుట్టాలు భలేవాళ్ళు. ఇటలీలో డబ్బు మార్చేవాళ్ళ బల్ల పేరు నుంచి బ్యాంకు వచ్చింది, ఫ్రెంచివాళ్ళ చిన్న బల్ల నుంచి విందుకి వాడే బాంక్వెట్ వచ్చింది. ఒకడు డబ్బు లెక్కపెడుతుంటే ఇంకొకడు తినేస్తున్నాడు, అచ్చం మన ఇంట్లోలా. మార్క్ ఏమో మొదట సరిహద్దు, ఆ తర్వాత సరిహద్దుని చూపించే గుర్తు. ఈ రెండింటికీ పెళ్ళి చేసింది మీవాళ్ళే, సర్వేవాళ్ళు.

ఇక్కడ సర్వే నేర్చుకునేవాళ్ళ కోసం అచ్చేసిన పాత పుస్తకాలు అటక మీద ఉన్నాయి. రెండు వేర్వేరు పుస్తకాల్లో ఒకటే మాట, ఒకటే బొమ్మ. ఆ రోజుల్లో ఇత్తడి బొడిపెలు కాదట. గోడకో స్తంభానికో పక్కవైపు ఉలితో అడ్డంగా ఒక గాడి చెక్కేవాళ్ళు. దాని కింద పైకి చూసే బాణం గుర్తు. కొలవాల్సి వచ్చినప్పుడు ఆ గాడిలో ఎల్ ఆకారపు ఇనప ముక్క దూర్చితే అది చిన్న అరుగులా బయటికి నిలబడుతుంది. దాని మీద కొలకర్ర పెట్టేవాళ్ళు. ఆ ఇనప అరుగే బెంచీ! మనుషులు కూర్చునే బెంచీ కాదు వదినా, కర్ర కూర్చునే బెంచీ.

మా పెద్దాయనకి చూపించాను. కళ్ళద్దాలు పైకి తోసి "బొమ్మలు ఎవరైనా వేస్తారు. అలాంటి గాడి ఉన్న రాయిని చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. అన్నీ సర్దుకున్నాక, నీకు ఓపిక ఉంటేనే, మన ఊళ్ళో ఎక్కడైనా పాత రాతి మీద అడ్డగీత, కింద బాణం ఉన్నాయేమో కాస్త చూస్తావా? నిన్ను ఇప్పుడు ఇది అడుగుతున్నందుకు నాకే సిగ్గుగా ఉంది.

మాటల మూట

—

దిగువ వీధి

ఏయ్ పిల్లా,

నీ ఉత్తరం నిలబడే చదివాను. చదివిన దాన్ని చదివినట్టే చెప్పులేసుకుని సుంకం గేటుకి పరిగెత్తాను.

ఆ స్తంభం నేను వందసార్లు చూసిన స్తంభం. ఛాతీ ఎత్తు ఉంటుంది. పక్కన బాణం గుర్తు అందరికీ తెలుసు. గాడి మాత్రం నాకెప్పుడూ కనబడలేదు, ఎందుకంటే ఏటేటా సున్నం మీద సున్నం వేసి దాన్ని పూడ్చేశారు. తాళంచెవితో గీకాను. సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలి లోపల అడ్డంగా గాడి బయటపడింది. శుభ్రంగా, తిన్నగా, నీ పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటుందన్నావో అలాగే. అక్కడే కూలబడ్డాను. దారిన పోయేవాళ్ళు కళ్ళు తిరిగాయనుకుని సోడా పట్టుకొచ్చారు.

అర్థమైందా నీకు? గొడుగు ఇంజినీరు మనుషులు కర్రని స్తంభం నెత్తిన పెట్టారు. ఇప్పుడు అందరూ చేసేది అదే, బొడిపె నెత్తినే కదా పెడతాం. నేనున్నా అలాగే పెట్టేదాన్ని. కానీ ఆఫీసులో రాసి ఉన్న ఎత్తు స్తంభం నెత్తిది కాదు, కింద ఉన్న ఈ గాడిది! గాడి ఎత్తుని నెత్తి ఎత్తు అనుకుని లెక్క మొదలుపెట్టారు. గాడి నుంచి నెత్తికి మూరన్నర ఉంది. అంటే అక్కడి నుంచి కొలిచిన ప్రతి గుమ్మం, ప్రతి మెట్టు, కాగితం మీద మూరన్నర కిందికి దిగిపోయింది. మనకి తక్కువైంది జానెడు. జానెడు కోసం వీధిని లేపేస్తున్నారు, మనకేమో మూరన్నర రావాలి!

ఉరుకులు పరుగుల మీద ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా విన్నాడు. "కర్ర గాడి దగ్గరే పెట్టాలని ఎవరన్నారమ్మా? నెత్తినే పెట్టాలేమో. పైగా వాళ్ళు మొదలుపెట్టిన చోటికే తిరిగి వచ్చి సరిచూసుకున్నారు, సరిపోయింది. మీ ఇల్లు కాబట్టి మీకలా కనిపిస్తోంది" అన్నాడు. నేను గట్టిగానే అరిచాను. ఆఫీసంతా తలలు ఎత్తి చూసింది. అరిచాక ఆయన మాట ఇంకా బలపడింది, చూశావా.

ఎక్కడా ఆ ఇనప ముక్క ఒక్కటి కూడా లేదు. మా స్టోరు గదిలో ఉన్నవాళ్ళు ఆ మాటే వినలేదు. నువ్వు మీ పెద్దాయన చేత ఆఫీసు ముద్ర వేయించి, కర్ర గాడి దగ్గరే పెట్టాలని నాలుగు వాక్యాలు రాయించి పంపు. తొందరగా. గేట్లు దించే మాట అప్పుడే మొదలైంది.

మీ అన్నయ్య గురించి అడక్కు. ఆయనతో నాకు మాటల్లేవు.

వదిన

—

నిఘంటువు కార్యాలయం,
మెట్ల మీద కూర్చుని

వదినా,

నేనో మాట కోసం అడిగితే నువ్వు వీధినే తవ్వి తీశావు! అటెండరు ఈసారి మంచినీళ్ళు తేలేదు, నాతోపాటు వాడూ ఎగిరి గంతేశాడు.

ముద్ర మాత్రం రాదు. అడిగాను, బతిమాలాను, తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డాను కూడా. "మన డిక్షనరీ ఊళ్ళ తగాదాల్లో వేలు పెట్టదు" అన్నాడు పెద్దాయన. నాకు ఏడుపొచ్చింది. మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాను. కూర్చుంటే, నాతో ఆయన చేసిన వాదమూ, మీ ఆఫీసరు నీతో చేసిన వాదమూ ఒకటే అనిపించింది.

ఎలాగో విను. వడ్రంగి కథ మూడు డిక్షనరీల్లో ఉంది కాబట్టి నిజమన్నాడు కదా. ఆ మూడూ పట్టుకుని వెనక్కి వెళ్ళి చూశాను. ఒకటి రెండోదాన్ని చూసి రాసింది, రెండోది మూడోదాన్ని, మూడోది ఎవర్ని చూసి రాసిందో తెలుసా? మా పాత డిక్షనరీని! మనం మన మాటనే మూడు ఇళ్ళు తిప్పి మన ఇంటికి తెచ్చుకుని సాక్ష్యం అంటున్నాం. మొదలుపెట్టిన చోటికే తిరిగొస్తే ఎప్పుడూ సరిపోతుంది, తప్పు కూడా మనతోపాటే తిరిగి వస్తుంది కదా. మాట పుట్టుక తేల్చాలంటే, మొదటిదాని మొహం చూడని ఇంకో సాక్షి కావాలి. నాకు ఆ రెండు పాత పుస్తకాలు అలా దొరికాయి.

మీ గొడుగు ఇంజినీరు కూడా ఆ స్తంభం నుంచి బయల్దేరి ఆ స్తంభానికే వచ్చాడన్నావు. మరి నీ ఇత్తడి బొడిపె ఉందిగా, వంతెన పక్కన? అది ఈ స్తంభం మొహం చూసిందా ఎప్పుడైనా? నాకు మీ లెక్కలు తెలియవు. తప్పుగా అడుగుతుంటే తిట్టు.

అన్నయ్యతో ఏం గొడవ? వాడు మాట్లాడకపోతే నువ్వూ మానేస్తావా? ఇంట్లో ఒక్కరైనా మాట్లాడాలి వదినా.

మాటల మూట

—

దిగువ వీధి,
షాపు అరుగు మీద, నలుగురి మధ్య

నా బంగారు మరదలా,

పెన్ను పట్టుకుంటే పక్కనుంచి టీ కొట్టు పిన్ని "నేను అడిగానని రాయి, నేను అడిగానని రాయి" అంటోంది. అడిగింది. రాశాను. ఇక విను.

నీ ఉత్తరం చదివి తల బాదుకున్నాను. ఇన్నేళ్ళ సర్వేలో ఆ మాట నేను కదా అనాల్సింది! స్తంభం నుంచి వంతెన బొడిపె దాకా కొలుచుకుంటూ పోతే తేలిపోతుంది. నీళ్ళు ఎంతదాకా నిలబడతాయన్న లెక్క ఆ బొడిపె నుంచే కట్టారు కూడా. కర్ర నెత్తిన పెట్టడం సరైతే, నెత్తి నుంచి కొలిచినప్పుడు బొడిపె ఎత్తు ఆఫీసులో రాసినట్టే రావాలి. గాడిలో పెట్టడం సరైతే, గాడి నుంచి కొలిచినప్పుడే అలా వస్తుంది. రెండూ సరి కావడానికి వీల్లేదు. ముద్ర అక్కర్లేదు, ఎవరి మాటా అక్కర్లేదు.

కానీ కొలవనిచ్చేదెవరు? ఆఫీసరు నన్ను చూస్తేనే మొహం తిప్పుకుంటున్నాడు.

ఇప్పుడు నీకు చెప్పని సంగతి చెప్తాను. నేను ఆఫీసులో అరిచొచ్చిన మర్నాడు మీ అన్నయ్య వెళ్ళి, ఇల్లూ షాపూ ఖాళీ చేసి ఇచ్చేస్తానని వీధిలో అందరికంటే ముందు సంతకం పెట్టొచ్చాడు. నాతో ఒక్క మాట చెప్పలేదు. నాకు టైలరు బాబాయి చెప్పాడు. నా గుండె పగిలింది. అందరి కోసం నేను అరుస్తుంటే కట్టుకున్నవాడే కాళ్ళు లాగేశాడనుకున్నాను. కంచం విసురుగా పెట్టాను, మొహం చూడలేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను మళ్ళీ ఆఫీసుకి వెళ్తుంటే వెనకాలే వచ్చాడు. చేతిలో గుడ్డ మూట. ఆఫీసరు నన్ను చూడగానే "మళ్ళీ మీ ఇంటి గొడవేనా?" అన్నాడు. అప్పుడు మీ అన్నయ్య నోరు తెరిచాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేను పెళ్ళయ్యాక వినలేదు.

"మాకు అక్కడ ఇల్లు లేదు సార్. వదులుకున్నాను. సంతకం మీ దగ్గరే ఉంది. ఆవిడ మాట తప్పైనా, ఒప్పైనా మాకు ఒరిగేది లేదు. ఇప్పుడు వినండి."

బయటికొచ్చి చెయ్యి పట్టుకుని అడిగాను, "నేను చెప్పింది తప్పయితే? ఏం చేద్దామనుకున్నావు?" అని. "నువ్వు తప్పు కొలవవుగా" అన్నాడు. అంతే. ఏదో చెయిన్‌కి నూనె వేసినంత మామూలుగా అన్నాడు. నేను ఆఫీసు వరండాలోనే ఏడ్చేశాను, ఎవరు చూస్తే నాకేం.

మూటలో ఏముందనుకున్నావు? ఎల్ యాంగిల్! నేను ఆఫీసులో అరిచొచ్చిన రోజు రాత్రి, ఇంకా మాటలున్నప్పుడు, నీ ఉత్తరంలో బొమ్మ గురించి చదివి వినిపించింది గుర్తుపెట్టుకుని, పాత క్యారియర్ ఇనుముతో చేశాడు. గాడి వెడల్పు స్తంభం దగ్గరికి వెళ్ళి తనే చూసుకొచ్చాడు. ఆకురాయితో రుద్ది రుద్ది అంచులు అద్దంలా చేశాడు.

ఆఫీసరు గొడుగు ఇంజినీరుని పిలిపించాడు. నేను అతనితో ఒకటే అన్నాను. "మీరే కొలవండి. నేను ముట్టుకోను. స్తంభం నుంచి వంతెన బొడిపె దాకా." అతను తన లెక్కల పుస్తకం తిరగేసి, "మేము లెక్కని వంతెన బొడిపెకి ముడి వేసి చూసుకోలేదు మేడమ్. వేసి ఉండాల్సింది. పదండి" అన్నాడు. మంచివాడని ముందే చెప్పలేదూ?

వీధంతా కదిలొచ్చింది. మొదట నెత్తిన కర్ర పెట్టి కొలుచుకుంటూ వంతెన దాకా పోయాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను, లేకపోతే ఎక్కడ కర్ర లాక్కుంటానో అని. బొడిపె దగ్గర లెక్క కట్టాడు. మళ్ళీ కట్టాడు. మూరన్నర తేడా! మిషన్ వెనక్కి మోసుకుని స్తంభం దగ్గరికి వచ్చాం. మీ అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చుని యాంగిల్‌ని గాడిలోకి తోశాడు. టక్కుమని కూర్చుంది. దాని మీద కర్ర పెట్టారు. ఇంజినీరు మళ్ళీ మొదలుపెట్టాడు. వీధంతా అతని పెన్సిల్ వెనకాలే నడిచింది, పిన్ని అందరికంటే ముందు.

బొడిపె దగ్గర పెన్సిల్ ఆపి తలెత్తాడు. "సరిపోయింది" అన్నాడు. "వెంట్రుకవాసి తేడా కూడా లేదు."

ఆ తర్వాత ఏం జరిగిందో నన్నడక్కు. టైలరు బాబాయి నన్ను ఎత్తుకోబోయి నడుం పట్టేసింది. పిన్ని ఇంజినీరు బుగ్గలు పుణికింది. మాతోపాటే నడిచిన ఆఫీసరు అక్కడికక్కడే నోటీసులు రద్దన్నాడు, మీ అన్నయ్య సంతకంతో సహా. మన వీధి నీటి కంటే మూర పైచిలుకు ఎత్తులో ఉంది పిల్లా! ఎప్పుడూ అంతే ఎత్తులో ఉంది! సాయంత్రం గొడుగు ఇంజినీరు తనే కిరసనాయిలు గుడ్డ పట్టుకుని ప్రతి గుమ్మం దగ్గరి ఎర్రగీత తుడిచాడు. వద్దన్నా వినలేదు. గాలి మిషన్ బోల్టులు మళ్ళీ బిగిశాయి, నేనే పానా పట్టాను.

వదిన

—

నిఘంటువు కార్యాలయం

వదినా,

నీ ఉత్తరాన్ని మా పెద్దాయన ముందు నిలబడి గట్టిగా చదివాను. అన్నయ్య మాట దగ్గర ఉత్తరం బల్ల మీద పెట్టేశాను. మిగతాది ఆయనే తీసుకుని చదువుకున్నాడు. తర్వాత అచ్చుకి వెళ్ళిన పేజీ వెనక్కి తెప్పించి, ఎప్పుడో పాత డిక్షనరీకి తను రాసిన వడ్రంగిని తనే ఎర్రసిరాతో కొట్టేశాడు. "నా వడ్రంగి ఇన్నేళ్ళు హాయిగా బతికాడమ్మా, ఇక విశ్రాంతి తీసుకోనీ" అని నవ్వాడు. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఎటుపోయిందో.

పెట్టెలో ఇలా ఉంది: "బెంచ్‌మార్క్. బెంచ్ అంటే ఆసనం, మార్క్ అంటే గుర్తు. నేల ఎత్తులు కొలిచేవారు రాతి పక్కన చెక్కిన గాడి. అందులో దూర్చిన ఇనప ముక్క మీద కొలకర్రను నిలిపేవారు. ఆ ఇనప ఆసనమే ఇందులోని బెంచ్. నమ్మకంగా పోల్చి చూసుకోదగిన ప్రమాణం అనే అర్థం తర్వాత వచ్చింది." నేను రాసిన వాటిలో మొదట అచ్చయ్యే పెట్టె ఇదే. నాకు ఆకలి వేయడం లేదు, నిద్ర రావడం లేదు, పెళ్ళి కుదిరినట్టుంది.

ఒక్కటి చెప్పు. అన్నయ్య నీతో మాట్లాడుతున్నాడా?

మాటల మూట

—

దిగువ వీధి

మరదలా,

మాట్లాడుతున్నాడు. మొన్న వరసగా రెండు వాక్యాలు చెప్పాడు. నేను కంగారుపడి నుదురు ముట్టుకుని చూశాను.

కొత్త కబురు. సుంకం గేటు స్తంభం రోడ్డు వెడల్పు పనిలో పడిపోతుందట. దాని బదులు ఇంకో చోట గుర్తు పెట్టాలని ఆఫీసులో కూర్చున్నారు. ఎక్కడ పెడదామంటే గొడుగు ఇంజినీరు లేచి, "ఈ ఊళ్ళో అందరికంటే జాగ్రత్తగా ఎత్తు తేల్చిన చోటు దిగువ వీధి ఒక్కటే" అన్నాడట. ఆఫీసరు కాదనలేకపోయాడు. ఈసారి పని నాకే ఇచ్చాడు. మీ ఇల్లు కదమ్మా అని కూడా అనలేదు.

ఈ పొద్దున చెక్కాను. మన షాపు గుమ్మం పక్కన, పునాది రాతి మీద. అడ్డంగా గాడి, కింద బాణం. ఉలి నేను పట్టాను, సుత్తి కూడా నేనే కొట్టాను, మీ అన్నయ్యని ముట్టుకోనివ్వలేదు. దుమ్ము కొట్టుకుపోయి దెయ్యంలా ఉన్నాను. పిన్ని వచ్చి "గోడ పాడవదా?" అంది. టైలరు బాబాయి "మా గోడ మీద ఎందుకు పెట్టలేదు?" అని అలిగాడు. వంతెన బొడిపె నుంచి రెండు వేర్వేరు దారుల్లో కొలుచుకుంటూ వచ్చాం. రెండూ సరిపోయాయి.

మునిగిపోతుందన్న వీధి పిల్లా ఇది. ఇకనుంచి ఈ ఊళ్ళో ఏ ఇల్లు కట్టినా, ఏ రోడ్డు వేసినా, ఏ కాలవ తవ్వినా, ఎంత ఎత్తో తెలియాలంటే మన గుమ్మం దగ్గరికి వచ్చి మొదలుపెట్టాలి.

వదిన